రాగి నిలిచిన కాలేయము: విల్సను వ్యాధి, దాని చికిత్స

కామెర్లు అనునది ఒక వ్యాధి పేరు కాదు. కాలేయము గాని రక్తము గాని బాధలో నున్నదని దేహము చూపు గుర్తు అది. ఒళ్లు కాలినంత మాత్రమున ఏ జ్వరమో తెలియనట్లే, కన్నులు పచ్చబడినంత మాత్రమున కారణము తెలియదు. అయినను మన పల్లెలలో బిడ్డకు కామెర్లు కనబడగానే నేల ఉసిరి పసరు పోయుదురు. ఉప్పు, నూనె మాన్పింతురు. మజ్జిగ అన్నము పెట్టి రోజులు లెక్కపెట్టుదురు. పిల్లలకు వచ్చు కామెర్లలో అధిక భాగము చెడిన నీటివలన, ఆహారమువలన సోకు హెపటైటిస్-ఎ. అది చాలమందిలో కొన్ని వారములలో తనంతట తానే తగ్గిపోవును. తగ్గిన పేరు పసరుకు దక్కును. ఇందు పెద్దలను నిందింప బనిలేదు. వారు కంటికి కనబడిన దానినే నమ్మిరి.

కాని ఎప్పుడో ఒక బిడ్డకు వచ్చిన కామెర్లు ఆ జాతివి కావు. వానికి వారములు కాదు, దినములే గడువు. అట్టి కామెర్లలో ఒకటి విల్సను వ్యాధివలన కలుగును. ఇది అరుదైనదే. అయినను మనము తెలిసికొనదగినది. ఏలయన, ఇది వంశమునందు దాగియుండి వచ్చునది; దగ్గరి సంబంధములు చేసికొను మన కుటుంబములలో దీనికి తావు కొంత ఎక్కువ; ముందుగా గుర్తించినచో మాత్రలతోనే అదుపులో ఉండునది; ఆలస్యమైనచో కాలేయమునే మార్చవలసి వచ్చునది. ఈ నాలుగు సంగతులను వరుసగా చూతము.

దేహములో రాగి పని

రాగి యనగానే మనకు చెంబులు, బిందెలు, విద్యుత్తు తీగెలు తలపునకు వచ్చును. కాని మన దేహమునకును రాగి కావలయును. రక్తము తయారగుటలో ఇనుమును వాడుకొనుటకు, ఆహారమునుండి శక్తి పుట్టించుటకు, చర్మమునకును వెండ్రుకలకును వన్నె నిచ్చుటకు ఇది తోడ్పడును. పెద్దవారి శరీరమంతటను కలసి ఉండునది సుమారు 100 మిల్లిగ్రాములు మాత్రమే, అనగా గ్రాములో పదియవ వంతు. దినమునకు ఒక మిల్లిగ్రాముకు లోపుగానే చాలును. ధాన్యములు, పప్పులు, నువ్వులు, వేరుసెనగలు మొదలగు వానినుండి మనకు అంతకంటె ఎక్కువే లభించును.

ఇచ్చట ఒక మాట. కృష్ణగిరి సీమలో రాగి సంకటి తినని ఇల్లు అరుదు. రాగులకును రాగి లోహమునకును పేరు కలసినదే గాని, సంకటి తిన్నందున ఈ వ్యాధి రాదు. ఇతర ధాన్యములందువలెనే రాగులలోను కొలదిగా ఆ లోహము కలదు; అంతే.

అక్కరకు మించి వచ్చిన రాగిని బయటికి పంపునది కాలేయము. ఈ పనిని మన ఊరి చెరువుతో పోల్చి చూడుడు. చెరువునకు వాగునుండి నీరు వచ్చును. తూము ద్వారా పొలములకు కావలసినంత పారును. మిగిలినది అలుగు మీదుగా పోవును. తూము ఎత్తువాడు, అలుగు చూచువాడు నీరుగంటి. అట్లే ప్రేగులు పీల్చిన రాగి రక్తముతో కాలేయమునకు చేరును. అందు కొంతను కాలేయము సెరులోప్లాస్మిన్ అను ప్రోటీనులో కూర్చి రక్తములోనికి వదలును, ఇది తూము. అధికముగా నున్న దానిని పిత్తరసములో కలిపి ప్రేగులలోనికి త్రోసివేయును, ఇది అలుగు. ఈ రెండు పనులను నడపు నీరుగంటివంటి ప్రోటీను ఒకటి కాలేయ కణములలో కలదు. దానిని తయారుచేయు జన్యువునకు ఎటిపి7బి అని పేరు.

ఆ జన్యువు చెడినప్పుడు నీరుగంటి లేని చెరువు గతియే పట్టును. వచ్చుచున్న నీరు వచ్చుచునే యుండును, అలుగు మూసికొనిపోవును. ఏండ్ల తరబడి కట్ట నిలిచియే యుండును. చూచువారికి చెరువు నిండుగా, అందముగానే కనబడును. ఒకనాడు కట్ట చెమర్చును. మరియొకనాడు తెగును. కట్ట చెమర్చుట నెమ్మదిగా వచ్చు కాలేయ వ్యాధి; కట్ట తెగుట తీవ్ర కాలేయ వైఫల్యము.

వ్యాధిని కనుగొన్న వరుస

ఈ వ్యాధి రహస్యము ఒక్కనాడు తేలలేదు. 1902లో కైసర్, 1903లో ఫ్లైషర్ అను జర్మను నేత్రవైద్యులు కొందరు రోగుల నల్లగ్రుడ్డు అంచున ఆకుపచ్చయు గోధుమయు కలిసిన వన్నెగల వలయమును గమనించిరి. 1912లో లండనులోని క్వీన్ స్క్వేర్ ఆసుపత్రి వైద్యుడు శామ్యూల్ అలెగ్జాండర్ కిన్నియర్ విల్సను, మెదడును కాలేయమును ఒక్కసారే చెరచు ఒక వ్యాధిని వివరముగా వర్ణించెను. అది ఒకే కుటుంబములో పలువురకు వచ్చుచున్నదని కూడ ఆయన చూచెను. కాని దానికి మూలము రాగి యని ఆయనకు తెలియదు. 1948లో కమింగ్స్ అను శాస్త్రజ్ఞుడు ఇట్టి రోగుల మెదడులోను కాలేయములోను రాగి విపరీతముగా పేరుకొనియున్నదని చూపెను. 1952లో షైన్‌బర్గ్, గిట్లిన్ అనువారు ఈ రోగుల రక్తములో సెరులోప్లాస్మిన్ తక్కువయని కనుగొనిరి. 1993లో ఆ జన్యువే దొరకినది. అది 13వ క్రోమోసోముపై నున్నది.

మందు దొరకిన కథయు తెలియదగినది. పెనిసిలిన్ ఇచ్చిన రోగుల మూత్రములో పెనిసిలమిన్ అను పదార్థమును జాన్ వాల్ష్ అను ఆంగ్ల వైద్యుడు చూచియుండెను. 1955లో అమెరికాలోని బోస్టనులో ఒక విల్సను రోగిని చూచినప్పుడు, ఆ పదార్థమునకు రాగిని పట్టుకొను గుణము ఉండవచ్చునని ఆయనకు తోచెను. ముందు తానే మ్రింగి చూచి, పిమ్మట రోగుల కిచ్చి, 1956లో ఫలితమును ప్రకటించెను. అంతకుముందు ఈ వ్యాధి దాదాపుగా మరణమునకే దారి. నోట వేసికొను మందుతో దానిని అదుపులో నుంచుట అప్పటినుండి సాధ్యమైనది.

వంశములో ఎట్లు వచ్చును?

ప్రతి మనిషికిని ఈ జన్యువు రెండు ప్రతులుగా ఉండును. ఒకటి తండ్రినుండి, ఒకటి తల్లినుండి వచ్చినవి. ఒక్క ప్రతి చెడినచో వ్యాధి రాదు. మంచి ప్రతియే పని నడపును. అట్టివారిని వాహకులందురు. వారు జీవితాంతము ఆరోగ్యముగానే ఉందురు. తాము వాహకులమని వారెరుగరు. తల్లిదండ్రు లిద్దరును వాహకులైనచో, పుట్టు ప్రతి బిడ్డకును రెండు ప్రతులు చెడినవే వచ్చుటకు నాలుగింట ఒక వంతు అవకాశము, వాహకుడగుటకు సగము అవకాశము, రెండును మంచివే వచ్చుటకు నాలుగింట ఒక వంతు అవకాశము. మొదటి బిడ్డకు వ్యాధి వచ్చినది గనుక తరువాతి ముగ్గురకు రాదని అనుకొనరాదు. ప్రతి కాన్పునకును లెక్క మొదటినుండియే ప్రారంభమగును.

పై తరగతి విద్యార్థులు ఇచ్చట చిన్న గణితము చేయవచ్చును. లోకములో సుమారు 90 మందిలో ఒకరు వాహకులని శాస్త్రజ్ఞుల అంచనా. బంధుత్వము లేని ఇద్దరును వాహకులై, వారి బిడ్డకు వ్యాధి వచ్చుటకు అవకాశము 90ని 90తో, దానిని 4తో గుణించగా వచ్చు 32,400లో ఒకటి. ఇక మేనరికము చూడుడు. వరుడు వాహకుడైనచో, అతని మేనమామ కూతురో మేనత్త కూతురో అదే చెడిన ప్రతిని కలిగియుండుటకు 8లో ఒక వంతు అవకాశము కలదు. 90, 8, 4 గుణించగా 2,880. మేనమామయే మేనకోడలిని పెండ్లాడినచో ఆ 8కి బదులు 4 వచ్చును. లెక్క 1,440లో ఒకటి యగును. అనగా వ్యాధి అవకాశము మేనరికమున పదిరెట్లకు పైగా, మేనమామ సంబంధమున ఇరువది రెట్లకు పైగా పెరుగుచున్నది.

ఇది చుట్టరికమును నిందించుట కాదు. ఇట్టి పెండ్లి చేసికొన్నవారిలో అత్యధికుల బిడ్డలు ఈ వ్యాధి లేకయే పుట్టుదురని ఆ లెక్కయే చెప్పుచున్నది. దూరపు సంబంధములోను వ్యాధి రావచ్చును. కాని ఇంటిలో ఒకరికి ఈ వ్యాధి ఉన్నదని తెలిసిన పిమ్మట, అదే వంశములో మరల పెండ్లి మాట వచ్చినచో వైద్యుని సలహా అడుగుట వివేకము. ఇంకొక మాట: బిడ్డ వ్యాధికి తల్లిని మాత్రమే దూషించుట అన్యాయము. చెడిన ప్రతి ఇరువురినుండియు వచ్చినప్పుడే వ్యాధి కలుగును.

ఇంటను బడిలోను కనబడు గుర్తులు

పుట్టుకతోనే లోపమున్నను గుర్తులు సాధారణముగా అయిదేండ్ల లోపున కనబడవు. కాలేయ బాధ ఎక్కువగా బడి వయసులోను యౌవనారంభమునను బయటపడును. ఊరకనే అలసట, ఆకలి మందగించుట, పొట్ట ఉబ్బుట, కాళ్ల వాపు, ముక్కునుండి రక్తము కారుట, వచ్చి పోవుచు మరల వచ్చు కామెర్లు ఇందుకు గుర్తులు. ఒకసారి వచ్చిన కామెర్లు తగ్గినవని విడిచిపెట్టక, మరల వచ్చినచో కారణము వెదకవలయును.

మరికొందరిలో వ్యాధి మెదడునందు కనబడును. అంతవరకు ముత్యములవలె వ్రాయుచుండిన పిల్లవాని చేవ్రాత వంకరలు పోవును. మాట ముద్దయగును. నోట చొంగ కారును. చేతులు వణకును. చదువు వెనుకబడును, కోపము, మొండితనము పెరుగును. దీనిని మొదట చూచునది వైద్యుడు కాదు, ఉపాధ్యాయుడు. ఉన్నట్టుండి చేవ్రాత చెడిన పిల్లవానిని నిర్లక్ష్యమని దండించుటకు ముందు, తల్లిదండ్రులను పిలిచి వైద్యునకు చూపుమని చెప్పుట మన ధర్మము.

కట్ట తెగినప్పుడు

కొందరిలో ముందు గుర్తేమియు లేకయే, లేదా ఎవరును గమనింపకయే, కాలేయ కణములు ఒక్కసారిగా నశించును. అన్ని దినములు వానిలో నిలువయున్న రాగి రక్తములోనికి పొంగివచ్చును. ఆ రాగి ఎర్ర కణములను పగులగొట్టును. కావున కామెర్లతోపాటు రక్తహీనతయు కలుగును. మూత్రము నల్లని కాఫీ రంగునకు తిరుగును. మూత్రపిండములు దెబ్బతినును. కాలేయము తయారుచేయవలసిన, రక్తమును గడ్డకట్టించు పదార్థములు తగ్గిపోవుటచే చిగుళ్లనుండి, సూది గ్రుచ్చిన చోటనుండి రక్తము నిలువక కారును. కాలేయము విరువవలసిన విషములు మెదడును చేరగా బిడ్డ పగలు నిద్రించును, రాత్రి మేలుకొనును, పొంతనలేని మాటలాడును, తుదకు తెలివి తప్పును. ఇట్టి తీవ్ర వైఫల్యము బాలురకంటె బాలికలలోను యువతులలోను ఎక్కువగా కనబడుచున్నది.

కాబట్టి కామెర్లతో కూడ ఈ క్రిందివానిలో ఏ ఒక్కటి ఉన్నను పసరు కొరకు గాని వాతల కొరకు గాని ఒక పూటయైనను ఆగరాదు: మత్తు, లేదా వింత ప్రవర్తన, ఎడతెగని వాంతులు, ఎక్కడినుండియైనను రక్తస్రావము, ముఖము తెల్లబారుట, మూత్రము నల్లబడుట లేక తగ్గిపోవుట, పొట్టలోను కాళ్లలోను నీరు చేరుట. వెంటనే 108 వాహనమును పిలిచి పెద్ద ఆసుపత్రికి చేర్చవలయును. ఇంటిలోనున్న జ్వరపు మాత్రలు, నిద్రమాత్రలు సొంతముగా ఈయరాదు; అవి దెబ్బతిన్న కాలేయమును, మెదడును మరింత చెరచును.

వైద్యులు ఎట్లు గుర్తింతురు?

వైద్యులు మొదట కంటిలోని కైసర్-ఫ్లైషర్ వలయమును ప్రత్యేక యంత్రముతో చూతురు. అయితే కాలేయ బాధతో వచ్చినవారిలో సుమారు సగముమందికే అది కనబడును. లేనందున వ్యాధి లేదని చెప్పరాదు. రక్తములో సెరులోప్లాస్మిన్ డెసిలీటరునకు 20 మిల్లిగ్రాములకంటె తక్కువ యున్నచో అనుమానము బలపడును. ఒక పగలు ఒక రాత్రి, అనగా 24 గంటల మూత్రమంతయు పట్టి అందలి రాగిని కొలుతురు. 100 మైక్రోగ్రాములకు మించినచో అది గట్టి సాక్ష్యము.

తీవ్ర వైఫల్యములో మరి రెండు చమత్కారమైన గుర్తులు కలవు. సామాన్యముగా కామెర్లలో పెరుగు ఆల్కలైన్ ఫాస్ఫటేజు అను పదార్థము ఇందులో తగ్గియుండును. రక్తహీనతయు వేగముగా పెరుగును. ఈ రెండును కలసి కనబడినచో అనుభవముగల వైద్యుడు రాగిని తలచును. జన్యు పరీక్ష నిశ్చయమైన దారియే గాని ఫలితము వచ్చుటకు దినములు పట్టును. చికిత్స దానికొరకు ఆగదు.

తీవ్ర వైఫల్యమునకు చికిత్స

నెమ్మదిగా వచ్చిన వ్యాధికి చాలిన మాత్రలు ఇచ్చట చాలవు. పెనిసిలమిన్ మొదలగు మందులు రాగిని మూత్రము ద్వారా బయటికి తీయుటకు వారములు, నెలలు పట్టును. తెగిన కట్టకు తూము మరమ్మతు చేసినట్లగును. అందుచే చికిత్స మూడు మెట్లుగా జరుగును.

మొదటి మెట్టు ప్రాణమును నిలుపుట. రోగిని తీవ్ర చికిత్సా విభాగములో ఉంచి రక్తములోని చక్కెర పడిపోకుండ గ్లూకోసు ఎక్కింతురు. అంటురోగములు సోకకుండ కాపాడుదురు. మెదడు వాపును గమనింతురు. మూత్రపిండములు నిలిచిపోయినచో డయాలిసిస్ చేయుదురు.

రెండవ మెట్టు రక్తములో పొంగిన రాగిని త్వరగా తీసివేయుట. దీనికి ప్లాస్మా మార్పిడి ముఖ్య సాధనము. రోగి రక్తమును యంత్రము గుండ నడిపి, రాగితో నిండిన పసుపు ద్రవమును వేరుచేసి తీసివేసి, దాతలనుండి వచ్చిన మంచి ప్లాస్మాను ఎక్కింతురు. ఇందువలన రాగి తగ్గును, ఎర్ర కణములు పగులుట తగ్గును, మూత్రపిండములకు ఊపిరి తీసికొను వ్యవధి దొరకును. అమెరికాలోని అఫెరిసిస్ సంఘము తీవ్ర విల్సను వైఫల్యమునకు దీనిని ప్రథమ శ్రేణి చికిత్సగా పేర్కొన్నది. మెదడు ఇంకను చెడని కొందరు దీనితోను మందులతోను మార్పిడి లేకయే కోలుకొనినట్లు వైద్యులు ప్రకటించిరి. తక్కినవారికి ఇది కాలేయము దొరకువరకు దాటించు వంతెన.

మూడవ మెట్టు కాలేయ మార్పిడి. ఎవరికి మార్పిడి తప్పదో తెలియుటకు వైద్యులు ఒక లెక్క వేయుదురు. 2005లో లండనులోని కింగ్స్ కాలేజి ఆసుపత్రి వైద్యులు సవరించిన ఆ పట్టికలో బిలిరుబిన్, రక్తము గడ్డకట్టు కాలము, ఎ.ఎస్.టి. అను ఎంజైము, తెల్ల కణములు, ఆల్బుమిన్ అను అయిదింటికిని మార్కులుండును. మొత్తము 20కి 11గాని, మించిగాని వచ్చినచో మార్పిడి లేక బ్రతుకుట కష్టమని భావింతురు. ఇది మార్కులు తక్కువ వచ్చినవాడే ఉత్తీర్ణుడగు పరీక్ష.

థామస్ స్టార్జల్ అను అమెరికా శస్త్రవైద్యుడు 1963లో మనిషికి కాలేయ మార్పిడి ప్రయత్నించి, 1967లో సఫలుడయ్యెను. విల్సను వ్యాధికి చేసిన మార్పిడి 1971లో వైద్య పత్రికలో ప్రకటితమైనది. మన దేశములో 1994లో అవయవ మార్పిడి చట్టము వచ్చిన పిమ్మట, 1998లో ఢిల్లీ అపోలో ఆసుపత్రిలో కాంచీపురము బాలునకు తండ్రి కాలేయములోని ముక్కను అమర్చిరి. అతని వ్యాధి వేరైనను, మన దేశములో పిల్లల కాలేయ మార్పిడి విజయములకు అదియే ఆరంభము.

కాలేయమునకు ఒక వింత గుణము కలదు. కోసి ఇచ్చిన భాగము దాతలో కొన్ని నెలలలో మరల పెరుగును. కనుక బ్రతికియున్న తల్లి గాని తండ్రి గాని బిడ్డకు కొంత భాగము ఈయవచ్చును. తల్లిదండ్రులు వాహకులు గదా, వారి కాలేయము పనికివచ్చునా యని సందేహము కలుగవచ్చును. పనికివచ్చును. ఒక మంచి ప్రతి యున్నను రాగిని పంపు పని సాగునని ముందే చెప్పితిమి. కాని అన్నదమ్ములు, అక్కచెల్లెండ్రు ఇచ్చునప్పుడు వారికే ఈ వ్యాధి లేదని ముందు తేల్చుకొనవలయును.

క్రొత్త కాలేయములో మంచి నీరుగంటి ఉండును. కావున మార్పిడి జరిగిన పిమ్మట రాగిని తీయు మందుల అక్కరయే తీరిపోవును. అయితే పరుల కాలేయమును దేహము తిరస్కరింపకుండ వేరు మందులు జీవితాంతము వాడవలయును. నేటి కాలమున ఇట్లు మార్పిడి పొందిన విల్సను రోగులలో నూటికి ఎనుబదిమందికి పైగా మొదటి ఏడు దాటి బ్రతుకుచున్నారు.

మనకు అందుబాటులో నున్న ఆసుపత్రులు

వేప్పనపల్లి మూడు రాష్ట్రముల సరిహద్దున నున్నది. ఇది కష్టమే గాని, ఇచ్చట మేలు కూడ. మొదటి పరీక్షలకు కృష్ణగిరి ప్రభుత్వ వైద్య కళాశాల ఆసుపత్రి, సరిహద్దునకు అవతల కుప్పములో వైద్య కళాశాల ఆసుపత్రి కలవు. బెంగుళూరులోని నిమ్‌హాన్స్ సంస్థ ఈ వ్యాధిని దశాబ్దములుగా పరిశీలించుచున్నది. మూడు దశాబ్దములలో తాము చూచిన 282 మంది విల్సను రోగుల వివరములను అచటి వైద్యులు 2007లో ప్రకటించిరి. వేలూరు క్రైస్తవ వైద్య కళాశాలవారు 2006లో దక్షిణదేశపు రోగుల కుటుంబములలో ఈ జన్యువు లోపములను పరిశోధించి వెల్లడించిరి. చెన్నపట్టణమున స్టాన్లీ ప్రభుత్వ ఆసుపత్రిలో కాలేయ మార్పిడి జరుగుచున్నది. తమిళనాడు ముఖ్యమంత్రి సమగ్ర ఆరోగ్య బీమా పథకములో కాలేయ మార్పిడి చేరియున్నది. ధనము లేదని బిడ్డను ఇంటికి తీసికొనిపోవుటకు ముందు ఆసుపత్రిలోని బీమా కార్యాలయమున విచారింపవలయును.

ఆసుపత్రిలో మన భాష రాని వైద్యుడు ఎదురైనచో బెదరవలసిన పని లేదు. కొన్ని మాటలు నేర్చియుండిన చాలును. కాలేయమును తమిళమున ‘కల్లీరల్’ అందురు. కామెర్లను తమిళమున ‘మంజళ్ కామాలై’ యనియు, కన్నడమున ‘కామాలె’ యనియు అందురు. రాగి తమిళమున ‘సెంబు’. మన చెంబు ఆ మాటకు చుట్టమే. ‘ఇంటిలో ఇంతకుముందు కాలేయ వ్యాధితో చిన్న వయసులో ఎవరైన పోయిరా? మీది దగ్గరి సంబంధమా?’ అని వైద్యుడు అడుగును. సిగ్గుపడి దాచక ఉన్నది ఉన్నట్లు చెప్పవలయును. ఆ ఒక్క సమాధానము వ్యాధిని త్వరగా పట్టించును.

మాన్పరాని మందులు, మరువరాని తోబుట్టువులు

తీవ్ర వైఫల్యము రాకముందే వ్యాధి తెలిసినవారికి మార్గము సులభము. పెనిసిలమిన్, ట్రయెంటిన్ అను మందులు రాగిని పట్టి మూత్రము ద్వారా పంపును. జింకు అనగా యశదము. అది ప్రేగులలోనే రాగిని అడ్డగించును. పెనిసిలమిన్ మందును ఆహారమునకు ఒక గంట ముందో, రెండు గంటల తరువాతనో వేసికొనవలయును. దానితో బి6 విటమిను కూడ ఇత్తురు. మోతాదు నిర్ణయించువాడు వైద్యుడే. రక్త, మూత్ర పరీక్షలతో దానిని దిద్దుచుండును.

ఇచ్చటనే పెద్ద ప్రమాదమున్నది. కొన్ని సంవత్సరములు మందు తిన్న పిమ్మట బిడ్డ ఆటపాటలలో అందరితో సమానముగా నుండును. ‘ఇక బాగైనది గదా, ఈ మందు ఎందులకు?’ అని మానుదురు. లోపము జన్యువులోనిది, అది బాగుకాలేదు, అదుపులో మాత్రము ఉన్నది. మందు మానిన రోగులలో కొంతకాలమునకే తీవ్ర కాలేయ వైఫల్యము వచ్చి, తిరిగి మందు ఇచ్చినను ఫలింపక మరణించిన సందర్భములు పెక్కు. మార్పిడి జరిగిననే తప్ప ఈ మందు జీవితాంతము. పెండ్లి నిశ్చయమైనదనియో, గర్భము వచ్చినదనియో దాచిపెట్టి మానరాదు. అప్పుడు మోతాదును వైద్యుడే సవరించును.

ఒక బిడ్డకు వ్యాధి తేలిన నాడే అన్నదమ్ములను, అక్కచెల్లెండ్రను అందరిని పరీక్ష చేయింపవలయును. వారిలో ప్రతి యొకరికిని నాలుగింట ఒక వంతు అవకాశమున్నది గదా. నేడు ఆరోగ్యముగా ఆడుకొనుచున్న తమ్ముని కాలేయములో రాగి మౌనముగా నిండుచుండవచ్చును. ఇప్పుడే జింకు మాత్రలు మొదలిడినచో వాడు చదివి, ఉద్యోగము చేసి, మనుమలను ఎత్తుకొనును. ఒక బిడ్డ వ్యాధి తెలియుట ఆ విధముగా మరొక బిడ్డను కాపాడును.

రాగి పాత్రల సంగతి

రాగి చెంబులో నీరు త్రాగుటవలన ఈ వ్యాధి వచ్చునా యని పలువురు అడుగుదురు. రాదు, ఇది పుట్టుకతో వచ్చిన లోపము. కాని వ్యాధి ఉన్నవారు రాగి పాత్రలో నిలువయుంచిన నీరు త్రాగరాదు. మాంసాహారములో కార్జము, సముద్రపు గుల్లజాతులు, అవి గాక పుట్టగొడుగులు, చాక్లెట్టు, జీడిపప్పువంటి గింజలు, ముఖ్యముగా చికిత్స తొలి సంవత్సరమున, మానవలయును.

పాత్రలవలన వచ్చిన మరొక వ్యాధి మన దేశములో ఒకప్పుడు పసిబిడ్డలను బలిగొన్నది. కళాయి లేని ఇత్తడి, రాగి పాత్రలలో కాచి నిలువయుంచిన పాలలో రాగి దిగి శిశువుల కాలేయములు గట్టిపడెడివి. 1980ల దశాబ్దమున పూనాలోని కె.ఇ.ఎం. ఆసుపత్రి వైద్యులు భావే, పండిత్‌లును, ఆంగ్ల వైద్యుడు టానరును ఈ సంబంధమును చూపిరి. స్టీలు గిన్నెలు వచ్చిన పిమ్మట ఆ వ్యాధి అరుదైనది. రెండింటను రాగియే నేరస్థురాలైనను, ఒకటి పాత్ర మార్చిన పోయినది. విల్సను వ్యాధి పాత్ర మార్చిన పోదు.

ముగింపు

విద్యార్థులారా, ఈ పాఠములో జ్ఞాపకముంచుకొనవలసినవి మూడు. కామెర్లన్నియు ఒకటి కావు. మత్తు గాని రక్తస్రావము గాని నల్లని మూత్రము గాని తోడైనచో పెద్ద ఆసుపత్రియే దిక్కు. ఒకరికి విల్సను వ్యాధి యున్నచో తోబుట్టువు లందరికిని పరీక్ష కావలయును. మొదలిడిన మందును వైద్యుని మాట లేక మానరాదు. ఈ మూడింటిని ఇంటికి పోయి తల్లిదండ్రులకు, అవ్వలకు చదివి వినిపింపుడు. చదువరాని పెద్దలకు బిడ్డ నోటిమాటయే పుస్తకము.

ప్రశ్నలు

1. కాలేయమును చెరువుతో పోల్చినప్పుడు తూము ఏది? అలుగు ఏది? నీరుగంటి ఎవరు?
2. తల్లిదండ్రు లిద్దరును వాహకులైనచో బిడ్డకు వ్యాధి వచ్చు అవకాశ మెంత? మొదటి బిడ్డకు వచ్చినచో రెండవ బిడ్డకు ఆ అవకాశము తగ్గునా?
3. తీవ్ర కాలేయ వైఫల్యములో పెనిసిలమిన్ ఒక్కటే ఏల చాలదు?
4. వాహకులైన తల్లిదండ్రులు కాలేయ భాగమును బిడ్డకు ఈయవచ్చునా? కారణము వ్రాయుడు.
5. మీ పక్క బల్లపై కూర్చుండు నేస్తుని చేవ్రాత ఉన్నట్టుండి చెడినచో మీరేమి చేయుదురు?